నాలుగో మాట రాధాకుమారిది

మూడో మాట ఇంకా అయిపోలేదు. పరమేశ్వర్ ఎక్కడ మొదలుపెట్టాడో తనూ మరిచిపోయాడు, వింటున్నవాళ్ళూ మరిచిపోయారు. శిలువ కింద నిలబడ్డ తల్లి దగ్గర మొదలుపెట్టి, ఎడపల్లి మడికట్లలో నాట్లు వేసి తనను పెంచిన తన తల్లి మీదికి వచ్చి, ఆమె చేతి జొన్నరొట్టె దగ్గర ఆగి, ఇప్పుడు కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుంటున్నాడు. ముందు బెంచీలో కూర్చున్న జయశీల్‌కు మాత్రం అతను ఎంత సాగదీస్తే అంత మేలనిపించింది. పరమేశ్వర్ దిగితే లేవాల్సింది తనే. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటి నుంచి మూడింటి దాకా, శిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు, మాటకొకరు చొప్పున సంఘంలోని ఏడుగురు లేచి చెప్పాలి. నాలుగో మాట, దేవుడా నన్నెందుకు వదిలేశావన్న ఆ కేక, ఈ బోధన్ గుడిలో ఎన్నో ఏళ్ళుగా అతని భార్య రాధాకుమారిది. పంటకాలువ నీళ్ళ వంతులాగా అది ఆమె వంతు, ఎవరూ అడ్డం వచ్చేవారు కాదు. ఆమె పోయిన వానాకాలంలో పోయింది. "సార్, అమ్మగారి మాట మీరే తీసుకోవాలె. ఇంకొకరికిస్తే సంఘం నన్ను బతకనియ్యది," అన్నారు పాస్టరు సుధాకర్ అయ్యగారు, మొన్న మట్టలాదివారం నాడు, గుడి మెట్ల మీద, చేతిలో ఈతమట్టతో. కాదనడానికి ఒక కారణం ఉంది గాని అది మెట్ల మీద చెప్పేది కాదు. తల ఊపాడు. తల ఊపడం తేలిక.

కారణం ఏమిటంటే, తొమ్మిది నెలలుగా అతనికి ప్రార్థన రావడం లేదు. కోపం కాదు. కోపమైతే నాలుగు మాటలు అనేవాడు, అవీ రాలేదు. ఆదివారం వస్తాడు, అందరికన్నా ముందే వచ్చి కిటికీలు తీస్తాడు, పిచ్చుకలు వేసిన గడ్డిపోచలు తీసి పారేస్తాడు, పాట పుస్తకాలు సర్దుతాడు. సాయంత్రం ఇంట్లో దీపం వేళకు, ఇద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చునే చోట రెండు కుర్చీలూ వేసి, ఒకదాంట్లో కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. అంతే. ఎండిన పంపు కింద బిందె పెట్టినట్టు. నీళ్ళు రావని తెలుసు, అయినా బిందె తీయబుద్ధి కాదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాడు, ఎండాకాలం ఆకులన్నీ రాల్చేసిన చెట్టును చూసి చచ్చిపోయిందని రాయొద్దని పిల్లలకు చెప్పినవాడు. గోరుతో బెరడు గీకి చూడండర్రా, కింద పచ్చగా ఉందేమో చూసి అప్పుడు రాయండి. తన బెరడు తాను గీక్కోవడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. ఇవాళ సంఘం ముందు గీకమంటున్నారు.

చెమట వీపు మీద పాముపిల్లలా పాకింది. మిషన్ దొరలు కట్టిన రాతి గోడలు, అందుకే లోపల బయటికంటే కాస్త నయం. బలిపీఠం మీద నల్లగుడ్డ, దాని మీద ఏడు కొవ్వొత్తులు, మాట అయినకొద్దీ ఒకటి ఆర్పుతారు. రెండు ఆర్పారు. ఇంకొకటి ఫ్యాను గాలికి దానంతట అదే ఆరిపోతే మళ్ళీ ముట్టించారు. ఇవాళ గుడి గంట కొట్టరు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పన్నెండు గంటల సైరనే ఈ ఆరాధనకు గంట. సైరన్ కూసేది, గాలిలో చెరకుమడ్డి వాసన తేలేది, అయ్యగారు మొదటి మాట చదివేవారు. ఇప్పుడు సైరన్ లేదు, ఆ వాసనా లేదు. ఫ్యాక్టరీ మూతబడ్డాక క్వార్టర్ల కుటుంబాలు హైదరాబాదుకో నిజామాబాదుకో తరలిపోయి సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. బాయిలర్ల దగ్గర పనిచేసిన పరమేశ్వర్ ఆటో కొనుక్కున్నాడు. మిగిలినవాళ్ళు మిగిలారు. గొప్ప విశ్వాసంతోనే మిగిలారని కాదు. ఎక్కడికీ పోలేక కొందరు, ఆదివారం పొద్దున కాళ్ళు ఇటువైపే నడుస్తాయి గనక కొందరు. జయశీల్ రెండో రకం. వీపు మీద చల్లగా తగిలింది. ఎవరో నిలువు ఫ్యాను మెడ తన వైపు తిప్పారు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరి ముఖమూ ఏమీ చెప్పలేదు. రాధ ఉంటే అనేది, ఏవండీ, దేవుడు వానలా కురవడు, మంచులా పడతాడు, పొద్దున ఆకు ముట్టుకుంటే గాని తడిసినట్టు తెలీదు.

గుడికి వచ్చేటప్పుడు మెట్ల మీద ఈరవ్వ కనబడింది. వయసు తనకే తెలియని మనిషి, ఒకప్పుడు చెరకు కొట్టుడులో మగవాళ్ళను మించిన చెయ్యి, నోరు అంతకు మించినది. తెల్లచీర కట్టుకుని, చెప్పులు విడిచి, మెట్టు మీద కాసేపు ఆగింది. "ఏం సారు, గిప్పుడే గింత వాడిపోయినవ్? ఇంకా మొదాటి మాటే గాలే," అంది. "ఎండ గదా ఈరవ్వా. నువ్వెట్లున్నవ్? కడుపు నొప్పి?" అన్నాడు అతను. "నొప్పి గిప్పి ఏం లేదు. పోయిన ఐతారం దేవుడు బాగు జేసిండని సాచ్చెం జెప్పిన గద, అందరు సప్పట్లు గొట్టిండ్రు. మళ్ళ ఏం నొప్పి?" అని, గోడ పట్టుకుని ఎక్కింది. గోడ పట్టుకుంది. మెట్లు ఎత్తుగా ఉంటాయి గనక అనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు పరమేశ్వర్ వాళ్ళమ్మ రొట్టెల మీంచి ఆమె చివరి రోజుల మీదికి పోతుంటే, జయశీల్ చూపు ఆడవాళ్ళ వైపు పోయింది. తెల్లచీరల వరుసలో చివర ఈరవ్వ కూర్చుని ఉంది. కొంగు మడిచి, పిడికిలి చుట్టూ చుట్టి, ఎడమ డొక్క కింద నొక్కిపట్టి. ముఖం మామూలుగానే ఉంది. ముఖం మామూలుగా ఉంచడానికే ఆ పిడికిలి.

ఆ పిడికిలి అతనికి తెలుసు.

తెలుసు గనకే చూపు తిప్పేసి కిటికీ బయటకు చూశాడు. వేపచెట్టు నీడలో తెల్ల కారు, అద్దాలు దించి ఉన్నాయి, లోపల కూతురు నవత. నిజామాబాదు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి, ఇంటి దగ్గర్నుంచి తనను తీసుకొచ్చింది. గుడి కనబడగానే ఒకే మాట అంది, "బాపు, నువ్వు లోపలికి పో. నేను కార్లనే కూసుంట." కారణం అడగలేదు, తెలిసిందే. కూతురు తనను నాన్న అని పిలవాలని రాధ కోరిక, కోటగిరి వైపు ఆంధ్రా వాళ్ళ క్యాంపులో పెరిగిన మనిషి కదా. వీధిలో పిల్లలందరూ బాపు అంటుంటే నవతకూ అదే వచ్చింది. రాధ ఓడిపోయి నవ్వింది. రాధ చాలా వాటికి అట్లాగే ఓడిపోయి నవ్వింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి సంపాదించిన జగ్గారావు కూతురు, కాలేజీలో తనకు జూనియర్, మాలపల్లె మిషన్ ఇంట్లో పుట్టినవాణ్ణి చేసుకుంటానని ఇంట్లో చెప్పిన రోజు ఆయన ఒక్కటే అన్నాడట, అట్లాగే వెళ్ళమ్మా, మళ్ళీ రాకు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు గాని ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. జయశీల్ ఎన్నడూ అడగలేదు. ఒక ఆదివారం తనే వచ్చి చెప్పింది, నేనూ నీళ్ళలోకి దిగుతానండీ, మీ కోసం కాదు. ఆ చివరి మాట విన్నప్పుడు తనకు కలిగిన ఆనందం పెళ్ళినాడు కూడా కలగలేదు.

అంత దూరం నడిచి వచ్చిన మనిషి గనకే, కోత పండుగ నాడు సంఘం ముందు ఆమె చెప్పిన సాక్ష్యం అంత బరువయింది. ఆపరేషను, హైదరాబాదులో మందులు, జుట్టు పోవడం, మళ్ళీ రావడం. డాక్టరు ప్రస్తుతానికి బాగుందమ్మా అన్నాడు. ప్రస్తుతానికి అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు, తనతో సహా. కోత పండుగ వచ్చింది. ఆ పండుగకు ఈ గుడి ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. స్తంభాలకు చెరకు గడలు, పసుపు కొమ్ముల బుట్టలు, వడ్ల కంకుల తోరణాలు, ఎవరి పంటలో తొలి భాగం వాళ్ళు తెచ్చి పెడతారు. ఆ రోజు గుడి తలుపు దగ్గర ఒక ముసలాయన చెరకు మోపు భుజాన వేసుకుని నిలబడ్డాడు. జగ్గారావు. కూతురు బతికిందని ఎవరో చెబితే, తన తోటలో చెరకు కొట్టించుకుని, పాలేరు చేత పంపకుండా తనే మోసుకొచ్చాడు. ఎక్కడ దించాలో తెలియక నిలబడితే పరమేశ్వర్ పోయి మోపు అందుకున్నాడు. ఆయన చివరి బెంచీలో అంచున కూర్చున్నాడు, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని. సాక్ష్యాల వేళ రాధ లేచింది. ప్రభువు నన్ను స్వస్థపరిచాడు, అంది. పూర్తిగా, అంది. తండ్రిని చూస్తూ అంది. చప్పట్లు మోగాయి, చెరకు ఆకులు కదిలేంతగా. జగ్గారావు చప్పట్లు కొట్టలేదు, కండువాతో ముఖం ఒత్తుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తండ్రి ముఖంలో తను మళ్ళీ కూతురైన క్షణం అది. ఆ క్షణాన్ని ఆమె ఎట్లా వెనక్కి తీసుకుంటుంది?

క్రిస్మసుకు కేకు కలుపుతూ ఒకసారి ఆగింది. ఏమైందంటే గ్యాసండీ అంది. తర్వాత కుర్చీలో కూర్చున్నప్పుడల్లా కొంగు మడిచి పిడికిలి డొక్క కింద పెట్టుకునేది. అది కొత్త అలవాటనుకున్నాడు. కొందరు చేతులు కట్టుకుంటారు, కొందరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటారు, రాధ ఇట్లా పెట్టుకుంటుంది అనుకున్నాడు. ఆకు అంచు చూసి రోగం చెప్పగలిగినవాడు. ఎండలు ముదిరాక ఒకరోజు స్నానాల గదిలో పడిపోతే, అప్పుడు తెలిసింది. డాక్టరు కాగితాలు చూసి, ఇంత ముదిరేదాకా నొప్పి లేకుండా ఎట్లా ఉంటుందమ్మా అన్నాడు. నిజామాబాదు ఆస్పత్రిలో, పక్క మంచం వాళ్ళు నిద్రపోయిన మధ్యాహ్నం వేళ, నవత కూర్చుని మెల్లగా అడిగితే చెప్పింది. "సంఘం ముందు చెప్పేశానే. మా నాన్న వింటుంటే చెప్పాను. మళ్ళీ నొప్పంటే ఆయనేమనుకుంటాడు? వీళ్ళ దేవుడూ అంతేననుకోడూ? నా వల్ల దేవుడి పేరు పోగూడదనుకున్నా." నవత గోడవైపు తిరిగి నిలబడింది. అతను మందుసీసా మూత తీసి పెట్టి, మళ్ళీ తీసి పెట్టి, చాలాసేపు అదే పని చేశాడు. "ఎవరికీ చెప్పకండి," అంది రాధ, ఇద్దరి వంకా చూసి. చెప్పలేదు. సంఘానికి తెలిసిందల్లా, పాత రోగం దేవుడు తీసేశాడు, ఇది ఇంకేదో కొత్తది వచ్చింది అని. ఆ కథ ఎవరు అల్లారో తెలియదు, దయతోనే అల్లారు. ఆ దయ లేని ఒకాయన జ్ఞాపకార్థ కూడికకు ఎక్కడ్నించో వచ్చి ప్రసంగం చేసి, విశ్వాసపు కుండకు ఎక్కడో చిల్లుంటేనే స్వస్థత కారిపోతుందని అన్నాడు. నవత ఆ మాట మధ్యలో లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక అంది, "అమ్మను రోగం చంపలే బాపు. ఆ సప్పట్లు చంపినయ్."

ఆ మాట సగమే నిజమని అతనికి తెలుసు. రోగం రోగమే, ముందు తెలిసినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, డాక్టరే చెప్పలేదు. పాతిపెట్టిన రోజు జగ్గారావు సమాధి మట్టి పిడికెడు తీసుకుని, వెయ్యకుండా చేతిలోనే ఉంచుకుని, "అల్లుడూ, మా అమ్మాయి బాగా బాధపడిందా?" అని అడిగాడు. అల్లుడూ అని ఆయన పిలవడం అదే మొదలు. ఆ పిలుపు దుఃఖంలోంచి చల్లగా తగిలింది, ఇప్పటి ఈ ఫ్యాను గాలిలాగే. "లేదండీ, నెమ్మదిగా పోయింది," అన్నాడు. చివరి రోజుల మటుకు అది నిజం. ఆయన ఇప్పటికీ సంక్రాంతికో ఉగాదికో బెల్లం పంపుతాడు. ఆయనకూ తెలియదు.

"చివరగా ఒక్క మాట చెప్పి ముగిస్త," అన్నాడు పరమేశ్వర్. అది మూడోసారి. అయ్యగారు బల్ల మీది చిన్న గంట మీద చెయ్యి పెట్టి, కొట్టాలా వద్దా అని చూస్తున్నారు. జయశీల్ చొక్కా జేబు తడిమాడు. మడిచిన కాగితం చెమటకు మెత్తబడింది. నిన్న మధ్యాహ్నమంతా కూర్చుని రాశాడు. శ్రమలు విశ్వాసిని పుటం వేస్తాయి, బంగారంలాగా. చెరకు గానుగలో పడితేనే రసం. ఇట్లాంటివి. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ తనది కాదు. చదివి దిగిపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. లేదంటే కుడివైపు చిన్న తలుపు తెరిచే ఉంది, ఒంట్లో బాగాలేదన్నట్టు లేచి పోతే కారు దాకా ఇరవై అడుగులు, నవత ఏమీ అడగకుండా కారు తిప్పుతుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మళ్ళీ రానవసరం లేదు. అది తనకు స్పష్టంగా తెలిసింది. ఇవాళ ఆ చిన్న తలుపులోంచి పోతే, కిటికీలు తీయడానికి కూడా మళ్ళీ రాడు. భయమేమీ వెయ్యలేదు. ఒక ఇల్లు ఖాళీ చేసి తాళం వేసేముందు చుట్టూ చూసినట్టు గుడి అంతా ఒకసారి చూశాడు. స్తంభాలకు చెరకు కట్టిన తాళ్ళ ముక్కలు అక్కడక్కడ ఇంకా ఉన్నాయి. తెల్లచీరల చివర ఈరవ్వ కొంచెం ముందుకు వంగింది. పిడికిలి ఇంకాస్త లోపలికి దిగింది. పక్కామె ఏదో అడిగితే నవ్వి, తల అడ్డంగా ఊపింది. గ్యాసు అని ఉంటుంది.

చెప్పకండి అంది రాధ. ఇద్దరికీ చెప్పింది, చెప్పకండి అని. చెబితే ఆమె సాక్ష్యం అబద్ధమవుతుంది, ఆ చెరకు మోపు, ఆ చప్పట్లు, తలపాగా తీసిన ఆ ముసలాయన, అన్నీ వెనక్కి పోతాయి. చెప్పకపోతే? చెప్పకపోతే ఈరవ్వ వచ్చే వారమూ నవ్వి తల అడ్డంగా ఊపుతుంది. ఆమెకు స్నానాల గది తలుపు కొట్టేవాళ్ళు కూడా లేరు.

పోయినేడు ఇదే రోజు రాధ అక్కడ నిలబడింది, ఆ పీఠం దగ్గర. ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తుంది, నొప్పి ముదిరిన వారాలు అవి. ఏం చెప్పింది? తొమ్మిది నెలలుగా గుర్తు తెచ్చుకోబోతే, పీఠం అంచు పట్టుకున్న వేళ్ళు, పై పెదవి మీద చెమట, కిందకు జారుతున్న కొంగు, అంతవరకే వచ్చి ఆగేది. మాట వచ్చేది కాదు. ఆ రోజు తను గోడ మీద బల్లిని చూస్తున్నాడు, అది బాగా గుర్తుంది, తెల్ల సున్నం మీద పాలిపోయిన బల్లి. బల్లి కదిలింది. చిన్న రెక్కపురుగును పట్టింది. అప్పుడు రాధ గొంతు. అవును, అప్పుడే. మామూలు కంటే తక్కువసేపు మాట్లాడి, చివరికి వచ్చి, కాస్త ఊపిరి తీసుకుని అంది: ఇది నమ్మకం పోయినవాళ్ళ మాట అనుకుంటారు. కాదండీ. నమ్మకం పోయినవాడు ఎవర్ని పిలుస్తాడు? ఈయన నా దేవా అని రెండుసార్లు పిలిచాడు. జవాబు రాకపోయినా పిలుపు ఆపలేదు. అంతేనండీ, అని దిగిపోయింది. అంతేనండీ. అది సంఘానికి చెప్పిన ప్రసంగం కాదు. ఆమె అక్కడ నిలబడి, అందరి ముందూ, ఎవరికీ తెలియకుండా, తన నొప్పే చెప్పుకుంది. పూర్తిగా దాచలేకపోయింది పిచ్చిది. ఒక్క రోజు, ఒక్క మాటలో, దాచకుండా ఉండటానికి వీలున్న ఒకే ఒక్క మాట దొరికితే, అందులో దాక్కుని అరిచింది.

గంట మోగింది. పరమేశ్వర్ ఆమెన్ అన్నాడు. మూడో కొవ్వొత్తి ఆర్పారు. "నాలుగో మాట," అన్నారు అయ్యగారు, "జయశీల్ సార్."

లేచాడు. కాళ్ళు ఇటువైపే నడిచాయి. చిన్న తలుపు ముందు నుంచి నడిచేటప్పుడు ఎండ పాదాల మీద పడింది, మళ్ళీ నీడ వచ్చింది. పీఠం అంచు పట్టుకుంటే చెక్క చేతుల చెమటకు నున్నగా అరిగి ఉంది. ఆమె వేళ్ళు పట్టుకున్న చోటే అయి ఉంటుంది. వాక్యం చదివాడు. జేబులో కాగితం జేబులోనే ఉంది.

"నాకు ప్రసంగం చెప్పరాదు," అన్నాడు. "చెట్ల గురించి అడిగితే చెప్తా. ఒక్కటే చెప్పి దిగిపోత. ఈ మాట ఆయన లోపల్లోపల అనుకోలే. గట్టిగ అరిచిండు, అందరి ముందల. కింద నిలబడ్డోళ్ళు నవ్విండ్రు గూడ. అయినా దాచలే." ఆగాడు. కిటికీలోంచి కారు తలుపు తెరిచిన చప్పుడు వినబడింది, లేక వినబడిందని అనుకున్నాడో. "కోత పండుగ నాడు రాధాకుమారి గిక్కడ నిలబడి బాగైందని చెప్పింది. ఆనాటికి అది నిజమే. క్రిస్మస్‌ల మళ్ళ నొప్పి మొదలైంది. మనకు చెప్పలే. చెప్తే సాక్ష్యం అబద్ధమైతదని, దేవుని పేరు పోతదని భయపడ్డది. పోయినేడు గీ మాట చెప్పిననాడు నొప్పితోనే చెప్పింది. మనం ఎవ్వరం గుర్తుపట్టలే, నేను గూడ." ఎవరో నిట్టూర్చారు. "ఆమెకు విశ్వాసం తక్కువుండె అంటే నేను ఒప్పుకోను. నొప్పి అని చెప్తే దేవుని పేరు పోదు. పోయేదైతే, గీ శిలువ మీదనే పోవాలె. గీ సంఘంల ఎవరికన్న నొప్పి ఉంటె చెప్పున్రి. పోయిన వారం బాగైందని చెప్పినా సరే, మళ్ళ చెప్పొచ్చు. దవాఖానకు పోదాం. ప్రార్థన చేద్దాం. రెండూ చేద్దాం. అంతే."

అయ్యగారి చెయ్యి గంట మీదే ఉంది, నొక్కలేదు. పరమేశ్వర్ తల దించుకున్నాడు. తను చేసింది రాధకు ద్రోహమో కాదో తేల్చుకునేలోపు, తెల్లచీరల చివర్నించి, లేవకుండానే, ఒక గొంతు.

"సారూ."

అందరూ తిరిగారు.

"నాకు నొస్తున్నది సారు," అంది ఈరవ్వ. "బాగైందన్ననాడు నిజంగనే నొయ్యలే, దేవుని మీద ఒట్టు. సోమారం నుంచి మళ్ళ వట్టుకున్నది. మీరందరు గన్ని సప్పట్లు గొడ్తిరి, నేనేం జేద్దు? వాపసు ఇయ్యాల్నా?"

ఎవరో ఫక్కున నవ్వి, నవ్వినందుకు నోరు మూసుకున్నారు. ఈరవ్వ కూడా నవ్వబోయి, నవ్వు సగంలో ముఖం ముడుచుకుపోయింది. ఇంతసేపూ పట్టి ఉంచిన ముఖాన్ని వదిలేసింది. చిన్న తలుపు దగ్గర వెలుతురు ఒక్క క్షణం అడ్డుపడింది. నవత. చెప్పులు బయట విడిచి, ఎవరివైపూ చూడకుండా, తండ్రివైపు కూడా చూడకుండా, బెంచీల మధ్యలోంచి నడిచి ఈరవ్వ పక్కన నేల మీద కూర్చుంది. "యాడ నొస్తున్నది అవ్వా?" అంది. ఈరవ్వ పిడికిలి విప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నొప్పి ఉన్న చోట పెట్టింది. "రేపు పొద్దుగాల నేనొచ్చి తీస్కపోత. ఇయ్యాలైనా పోదాం, అయ్యగారు ఏమనరు," అంది నవత. "ఇంకో మూడు మాటలైతే అయిపోతది బిడ్డా, అయినంక పోదాం," అంది ఈరవ్వ.

జయశీల్ దిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే, బెరడు కింద ఎక్కడో, దేవా, అన్న మాట కదిలింది. దాని వెనక ఇంకో మాట వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. ఒక్కటే అయినా అది తనదే, ఎవరి దగ్గరా అరువు తెచ్చింది కాదు. ఇంకోసారి అన్నాడు, దేవా. రెండుసార్లు పిలవొచ్చు. రాధ చెప్పింది కదా.

నాలుగో కొవ్వొత్తి ఆర్పారు. ఉదయలక్ష్మి టీచరు లేచి ముక్కు చీదుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఐదో మాట చదివింది, శిలువ మీద ప్రభువు దాహమని అడిగిన మాట. నవత సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఈరవ్వకు అందించింది. ఈరవ్వ అందుకుని, తాగకుండా అయ్యగారివైపు చూసింది. మూడింటి దాకా సంఘమంతా ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టరు. అయ్యగారు చేతిలోని పుస్తకంలోకి తల వంచి, లేని పేజీ ఏదో వెతుక్కోసాగారు. ఈరవ్వ గటగటా తాగింది. "ఉడుకుడుకున్నయ్ బిడ్డా," అంది గుసగుసగా, గుడంతా వినబడేటట్టు. "కార్లుండె గద అవ్వా," అంది నవత.

జయశీల్ మెల్లగా లేచి, చప్పుడు కాకుండా, ఫ్యాను మెడ ఆడవాళ్ళ వైపు తిప్పి వచ్చి కూర్చున్నాడు.